విరిగిన కాలికి వెల కట్టేదెవరు?

రాయపూర్ నుండి బిలాస్‌పూర్ పోయే రహదారి మీద సిల్తారా దాటేవారికి ఆ ఊరి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. స్పాంజి ఇనుము కర్మాగారాల పొగ, చెట్ల ఆకుల మీద పేరుకొన్న నల్లని ధూళి, దారి పొడవునా బొగ్గు, ఖనిజం మోసుకొనివచ్చి నిలిచిన ట్రెయిలర్లు. ఆ ప్రక్కనే మాంఢర్ స్టేషను. బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుండి శ్రీకాకుళం, విశాఖ, విజయనగరం ప్రాంతాల తెలుగువారు ఈ లైను మీద పనిచేస్తున్నారు. రాయపూర్, బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో మూడు తరాలుగా తెలుగు వినిపిస్తున్నది. ఆ మూడవ తరంలో కొందరు తండ్రుల వలె పట్టాల మీదికి రాలేదు. రిక్రూట్‌మెంటు లేదు గనుక రాలేకపోయినారని అనడం న్యాయం. వారు సిల్తారా కర్మాగారాలలో కాంట్రాక్టు కార్మికులైనారు. అక్కడి నుండి కొందరు గల్ఫ్ దేశాలకు పోయినారు.

గత మాసం సభ్యత్వ కార్యక్రమం నిమిత్తం ఆ ప్రాంతంలో తిరిగినప్పుడు ఒక తపాలా సోదరుడు మమ్మల్ని ఒక ఇంటికి వెంటబెట్టుకొని పోయినాడు. పదవీ విరమణ చేసిన కీమాన్ ఇల్లు అది. మంచం మీద ముప్పదియొక సంవత్సరముల కుమారుడు, ప్రక్కన గోడకు చేర్చిన చంకకర్రలు. సిల్తారాలో నాలుగేండ్లు ట్రెయిలరు నడిపి, ఏజెంటు ద్వారా షార్జాకు డ్రైవరుగా పోయినాడు. ప్రమాదం జరిగినప్పుడు నడుపుతున్నది అతడు కాదు. తెల్లవారుజామున కూలీలను పనిస్థలానికి తీసుకొనిపోయే వ్యానులో వెనుక కూర్చున్నాడు. వెనుక నుండి వచ్చిన కారు గుద్దినది. తుంటి ఎముక, ఎడమ తొడ ఎముక విరిగినవి. మూడు శస్త్రచికిత్సలు జరిగినవి. యజమాని రెండు నెలల జీతం, విమానం టిక్కెట్టు ఇచ్చి, అరబ్బీలో వ్రాసిన ఒక కాగితం మీద సంతకం చేయించుకొని ఇంటికి పంపినాడు. మేము పోయేసరికి ప్రమాదం జరిగి ఎనిమిది నెలలు.

తపాలా సోదరుడు మమ్మల్ని తీసుకొనిపోవడానికి కారణమున్నది. ఆ ఇంటికి ఒక రిజిస్టర్డు కవరు వచ్చినది. చదువురాని తల్లి దానిని విప్పి చదివి చెప్పమని అడిగినది. దుబాయిలోని ఒక న్యాయవాది కార్యాలయం నుండి వచ్చిన ఉత్తరమది: మీకు నష్టపరిహారం ఇప్పించగలము, ముక్తారునామా పంపండి అని. అప్పటికే రాయపూర్‌లో ఒక మధ్యవర్తి, ఇక్కడి మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్‌లో కేసు వేయిస్తానని చెప్పి తండ్రి వద్ద పదిహేను వేలు పుచ్చుకొన్నాడు. ఎవరిని నమ్మవలెనో ఆ కుటుంబానికి తెలియలేదు. నిజం చెప్పవలెనంటే మాకును వెంటనే తెలియలేదు. ముప్పది సంవత్సరములుగా చార్జిషీట్లు, బదిలీలు, పెన్షన్లు చూస్తూ వచ్చిన మేము ఈ విషయమై చదువుకొనవలసి వచ్చినది. చదివినదానిని సభ్యుల ముందు ఉంచడమే ఈ సంపాదకీయం ఉద్దేశం. ఏలనన ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. నేడు మన రైల్వే, తపాలా కుటుంబాలలో ఒక బిడ్డ గల్ఫ్‌లోనో, అమెరికాలోనో లేని వీధి అరుదు.

మొదట రాయపూర్ ట్రిబ్యునల్ మాట. మోటారు వాహనాల చట్టం భారతదేశమంతటికీ వర్తించును, అంతే. దేశం వెలుపల జరిగిన ప్రమాదానికి మన ట్రిబ్యునల్ ముందు దావా నిలువదు. మన బీమా పాలసీలు సైతం దేశపు సరిహద్దు వద్దనే ఆగిపోవును. నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంక వంటి పొరుగు దేశాలకు వాహనం తీసుకొనిపోవువారు అదనపు ప్రీమియం చెల్లించి పాలసీకి భౌగోళిక విస్తరణ వ్రాయించుకొనవలెను. కనుక ఆ మధ్యవర్తి పదిహేను వేలు పుచ్చుకొన్నది జరగని పనికి. ఫలితాన్ని బట్టి ఫీజు అనే ఒప్పందం చేసుకొనుటను బార్ కౌన్సిల్ నియమాలు న్యాయవాదులకు నిషేధించినవి. వచ్చినదానిలో సగం నాది అనే మధ్యవర్తికి ఆ నియమమూ లేదు, మరే నియమమూ లేదు. ఆ సొమ్ము తిరిగి రాబట్టడానికి మా రాయపూర్ శాఖ పూనుకొన్నది. ఇప్పటికి ఐదు వేలు వచ్చినది.

మరి దావా ఎక్కడ? ప్రమాదం ఎక్కడ జరిగినదో అక్కడ. గాయపరచినవాని బాధ్యతను, దాని పరిమాణాన్ని సాధారణంగా ప్రమాదస్థలపు చట్టమే నిర్ణయించును. ఒకే ఎముకకు ఒక దేశంలో ఒక వెల, మరొక దేశంలో మరొక వెల అయ్యేది ఇందువల్లనే. ప్రతివాది భారతదేశంలో నివసించేవాడైనా, ఇక్కడి కంపెనీ అయినా, ఇక్కడి సివిల్ కోర్టు తలుపు తట్టే అవకాశం కొంత ఉన్నది. అయితే అది తోవ పొడవైన పని.

దుబాయి పేరు వచ్చినది గనుక అక్కడి ఒక తీర్పును సభ్యులు గుర్తుంచుకొనదగును. 2019 జూన్ 6న మస్కట్ నుండి దుబాయి పోతున్న బస్సు రషీదియా మెట్రో స్టేషను సమీపంలో ఎత్తు పరిమితిని సూచించే ఇనుప అడ్డుకమ్మీని గుద్దుకొన్నది. పదిహేడు మంది మరణించినారు. వారిలో పన్నెండుగురు భారతీయులు. డ్రైవరుకు శిక్షతో పాటు, మృతుల కుటుంబాలకు మొత్తం 34 లక్షల దిర్హములు చెల్లించవలెనని ట్రాఫిక్ కోర్టు ఆదేశించినది. అనగా ఒక్కొక్క ప్రాణానికి అక్కడి చట్టం నిర్ణయించిన రెండు లక్షల దిర్హముల దియా, రక్తధనం. ఇక బ్రతికి బయటపడినవారి మాట. అదే బస్సులో ఇరువది సంవత్సరముల భారతీయ ఇంజనీరింగు విద్యార్థి ఒకడు ఉన్నాడు. మెదడుకు తగిలిన దెబ్బ వల్ల అతనికి శాశ్వత వైకల్యం కలిగినది, చదువు ఆగిపోయినది. బీమా వివాదాల సంఘం మొదట పది లక్షల దిర్హములు ఇవ్వవలెనన్నది. కుటుంబం దానితో సరిపెట్టుకొనలేదు. కోర్టుకు పోయినది. కోర్టు దానిని యాభై లక్షల దిర్హములకు పెంచినది. పై కోర్టులు ఆ మొత్తాన్ని నిలిపినవి. 2023లో ఆ సంగతి బయటకు వచ్చినప్పుడు మన రూపాయలలో అది సుమారు పదకొండు కోట్లు.

ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూడండి. మరణించినవానికి రెండు లక్షలు, మెదడు చెడి బ్రతికినవానికి యాభై లక్షలు. కొందరికి ఇది అన్యాయంగా తోచవచ్చును. అయితే దియా అన్నది ప్రాణానికి ముందుగానే కట్టిపెట్టిన స్థిరమైన మొత్తం. గాయానికి ఇచ్చే పరిహారమో, జీవితాంతం పెట్టవలసిన వైద్యానికి, పోయిన సంపాదనకు, ఒక మనిషి అతని వెంట ఉండవలసిన అవసరానికి వేసే లెక్క. లెక్క వేయించుకొన్నవానికి ఎక్కువ వచ్చును. వేయించుకొననివానికి మొదట చెప్పిన మొత్తమే దక్కును. సంఘం చెప్పిన మొదటి మాటకు తలవంచి ఉంటే ఆ విద్యార్థికి చేరేది ఐదవ వంతు మాత్రమే. వేతన సంఘాల ముందు నిలిచిన మనకు ఈ పాఠం క్రొత్త కాదు.

సిల్తారా యువకుని కాగితం మాటకు వద్దాము. హైదరాబాదులోని మన మిత్రుల ద్వారా అరబ్బీ తెలిసిన అనువాదకుని చేత దానిని చదివించినాము. మేము భయపడినట్లు అది అన్ని హక్కులను వదులుకొన్న పత్రం కాదు. జీతం, సర్వీసు ముగింపు బకాయిలు ముట్టినవన్న రసీదు మాత్రమే. గుద్దిన కారు బీమా కంపెనీ మీద అతనికి గల హక్కు దానితో పోలేదు. ఇంకొక సంగతి. ఆ దేశపు 2021 నాటి కార్మిక చట్టం ప్రకారం, పని వల్ల గాయపడిన కార్మికునికి చికిత్స కాలంలో ఆరు నెలల వరకు పూర్తి వేతనం, అటుపై మరి ఆరు నెలలు సగం వేతనం యజమాని ఇవ్వవలెను. ఇచ్చినది రెండు నెలలు. వేతనం ముట్టినదన్న రసీదు ఉన్నది గనుక ఈ బాకీ కొంచెం చిక్కుపడినది. అయినా అడగకుండా ఉండవలసిన కారణం లేదు.

గడువు సంగతి మరింత ముఖ్యం. హాని వల్ల కలిగిన నష్టానికి ఆ దేశపు 1985 నాటి పౌర చట్టం మూడేండ్ల గడువు పెట్టినది. ఇంగ్లండులోను సాధారణంగా మూడేండ్లే. అమెరికాలో రాష్ట్రానికొక లెక్క: కాలిఫోర్నియా, టెక్సాస్‌లలో రెండేండ్లు, న్యూయార్కులో మూడేండ్లు. అయితే కాలిఫోర్నియాలో గుద్దినది ప్రభుత్వ వాహనమైతే ఆరు నెలలలోగా ఆ ప్రభుత్వ సంస్థకు క్లెయిము పెట్టవలెను. మన పిల్లవాడు ఆసుపత్రిలో ఉన్నాడు, తేరుకొన్నాక చూద్దాము అనుకొనే తండ్రి సంగతి ఇక్కడే దెబ్బతినును. చట్టాలు మారుచుండును. కనుక ఏ దేశమైనా, మొదటి నెలలోనే గడువు ఎంతో కనుక్కొనవలెను.

అమెరికా అనగానే కోట్ల డాలర్లు కళ్ల ముందు మెదలుట సహజం. నిజం అంత తీపి కాదు. అక్కడ గుద్దినవాని బీమా ఎంతయో అంతవరకే సులభంగా దొరకును. కాలిఫోర్నియాలో ఒక్క వ్యక్తి గాయానికి తప్పనిసరి బీమా 2024 చివరి వరకు 15,000 డాలర్లు మాత్రమే. 2025 జనవరి 1 నుండి 30,000 చేసినారు. ఒక పెద్ద శస్త్రచికిత్సకే అది చాలదు. గుద్దినవాడు పేదవాడైతే తీర్పు కాగితమే మిగులును. అందుచేత అక్కడ కారు నడిపే మన బిడ్డలు తమ సొంత పాలసీలో, బీమా లేనివాడు గుద్దినా తమకు రక్షణ ఉండేటట్లు వ్రాయించుకొనవలెను. అక్కడి న్యాయవాదులు గెలిచిన సొమ్ములో సుమారు మూడవ వంతు తీసుకొందురు. ముందుగా చేతి నుండి పెట్టవలసిన పని లేకపోవడం పేదవానికి మేలే. కాని ఖర్చులు మూడవ వంతుకు ముందు తీయుదురా, తరువాతనా అన్నది సంతకానికి ముందే అడగవలెను.

డబ్బు కంటే నొప్పించిన సంగతి ఒకటి అక్కడ జరిగినది. 2023 జనవరి 23న సియాటిల్ నగరంలో రోడ్డు దాటుతున్న ఆదోని విద్యార్థినిని పోలీసు కారు గుద్దినది. గంటకు 25 మైళ్ల పరిమితి గల వీధిలో ఆ కారు 74 మైళ్ల వేగం వరకు పోయినది. ఆమె మరణించినది. ఆ తరువాత వేరొక పోలీసు అధికారి ఫోనులో నవ్వుతూ, ఆమె విలువ పరిమితమని, పదకొండు వేల డాలర్ల చెక్కు వ్రాస్తే సరిపోవునని అన్న మాటలు అతని శరీరానికి తగిలించిన కెమెరాలో నమోదైనవి. 2024లో అతనిని ఉద్యోగం నుండి తొలగించినారు. మేము ఈ విషయం ఇక్కడ ఎత్తుట అమెరికాను నిందించుటకు కాదు. షార్జాలో రెండు నెలల జీతం ఇచ్చి పంపిన యజమాని మనసులోను, సిల్తారా దారిలో ట్రెయిలరు క్రింద నలిగిన సైకిలు కూలీ కుటుంబానికి ఇంతిస్తాము ఊరుకోండి అనే వాహన యజమాని మనసులోను ఉన్నది ఆ పదకొండు వేల లెక్కే.

అందుకు భిన్నమైన దేశమొకటి ఉన్నది. న్యూజిలాండు 1974 ఏప్రిల్ 1 నుండి, తప్పెవరిదన్న ప్రశ్న లేకుండా, గాయపడిన ప్రతివానికి ప్రభుత్వ నిధి నుండి చికిత్స, పరిహారం ఇచ్చే పద్ధతి పెట్టుకొన్నది. చూడవచ్చిన విదేశీయుని గాయానికి సైతం అక్కడ చికిత్స వర్తించును. బదులుగా నష్టపరిహారం కొరకు దావా వేసే హక్కును ప్రజలు వదులుకొన్నారు. యాభై యేండ్లు దాటినా ఆ పద్ధతి నిలిచి ఉన్నది. కార్మికోద్యమం ఆలోచించవలసిన ఏర్పాటు ఇది.

మన ఇంటి సంగతి చూచుకొంటే, 1988 మోటారు వాహనాల చట్టం లోగడ పెట్టిన ఆరు నెలల గడువును 1994లో తీసివేసినారు. అది మంచి పని. 2019 సవరణ దానిని తిరిగి తెచ్చినది. 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. తుంటి విరిగి ఆరు నెలలు మంచం మీద ఉన్నవానికి, వాడు లేచి నిలబడే రోజుకు గడువు ముగియునట్లు శాసనం చేసినవారి తెలివిని ఏమనవలెను? దాని చెల్లుబాటును ప్రశ్నించే వ్యాజ్యాలు సుప్రీం కోర్టు ముందుకు పోయినవి. కోర్టు ఏమి చెప్పునో అని చేతులు ముడుచుకొనక సభ్యులు ఆరు నెలలలోగానే దావా వేయవలెను.

మన సభ్యులలో చాలామంది ఎరుగని మేలు ఒకటి ఇదే చట్టంలో ఉన్నది. ప్రమాదం జరిగిన చోటనే కేసు వేయనక్కరలేదు. బాధితుడు నివసించే చోట వేయవచ్చును. సిల్తారా వద్ద గాయపడిన ట్రాక్‌మన్ సెలవు మీద పలాసలో తల్లి ఇంట నివసిస్తుంటే శ్రీకాకుళం జిల్లాలోనే వేయవచ్చును. బీమా కంపెనీకి కార్యాలయమున్న చోట వేసినను కేవలం ఆ సాంకేతిక కారణం మీద కొట్టివేయరాదని 2016లో సుప్రీం కోర్టు చెప్పినది. ఎప్పుడు ఎక్కడికి బదిలీ అవుదుమో తెలియని రైల్వే ఉద్యోగికి ఇంతకన్న కావలసినది లేదు. తప్పెవరిదని రుజువు చేయకుండానే తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు, మరణానికి ఐదు లక్షలు పొందే సెక్షను ఉన్నది. గుద్ది పారిపోయిన వాహనమైతే తీవ్ర గాయానికి యాభై వేలు, మరణానికి రెండు లక్షలు. 2025 మే నెల నుండి ప్రమాద బాధితునికి ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల మేరకు నగదు లేని చికిత్స పథకం ఉన్నది. ఇవన్నీ కలిపినా చాలవు. కాని వదులుకొనదగినవి కావు.

ఇక గాయానికి వెల ఎట్లు కట్టవలెనన్నది. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు ప్రతి శాఖా కార్యదర్శి చదువవలసినది. వైద్యుడు వ్రాసిన వైకల్య శాతం వేరు, సంపాదించే శక్తిలో కలిగిన నష్టం వేరు అని కోర్టు అన్నది. ఎడమ చేయి పోయిన వడ్రంగికి, డ్రైవరుకు నష్టం ఇంచుమించు నూటికి నూరు. అదే చేయి పోయిన గుమాస్తా ఉద్యోగం కొనసాగవచ్చును అని ఉదాహరణ చూపినది. లోకో పైలట్ చూపు మందగించినా, పోస్టుమన్ మోకాలు వంగకపోయినా, ట్రాక్‌మన్ నడుము బిగుసుకొన్నా ఇదే సూత్రం. ట్రిబ్యునల్ ముందు వైద్యుని సర్టిఫికెట్ ఒక్కటే పెట్టి ఊరుకొన్న కేసులు మాకు అనేకం తెలుసును. అతని పని ఏమి, రోజుకు ఎన్ని మైళ్లు నడువవలెను, ఎంత బరువు ఎత్తవలెను, ఏ వైద్య తరగతి నుండి ఏ తరగతికి దించినారు, దానివల్ల రన్నింగ్ అలవెన్సు ఎంత పోయినది అన్న సాక్ష్యం పెట్టినవారు తక్కువ. ఆ సాక్ష్యం న్యాయవాది వద్ద ఉండదు. యూనియను వద్ద ఉండును.

వైకల్యం కలిగినదని ఉద్యోగం తీయరాదు, స్థాయి తగ్గించరాదు అని 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ సంస్థలను కట్టడి చేసినది. పాత పని చేయలేనివానికి అదే వేతనంతో వేరొక పని ఇవ్వవలెను. ఖాళీ లేకుంటే అదనపు పోస్టు సృష్టించవలెను. విదేశంలో బంధువులను చూడబోయి గాయపడి వచ్చిన ఉద్యోగికి సైతం ఇది వర్తించును. గాయం ఎక్కడ తగిలినదని చట్టం అడుగదు, సర్వీసులో ఉండగా తగిలినదా అని మాత్రమే అడుగును. అయితే మన వైద్య పథకాల కార్డు విదేశీ ఆసుపత్రి గుమ్మం వద్ద చెల్లదు. ప్రయాణ బీమా లేకుండా విమానం ఎక్కే తల్లిదండ్రులను మేము మందలించవలసి వస్తున్నది.

సిల్తారా వంటి చోట్ల నుండి పనికి పోయే కార్మికులకు వేరొక దారి కూడా ఉన్నది. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టంలో 1995 సవరణ 15-బి సెక్షనును చేర్చినది. భారతదేశంలో రిజిస్టరైన కంపెనీ నియమించి విదేశానికి పంపిన కార్మికునికి, ఇక్కడి మోటారు వాహనంతో విదేశానికి పంపబడిన డ్రైవరు, హెల్పరు, మెకానిక్, క్లీనరులకు ఆ చట్టం వర్తించునని చెప్పినది. ఆ పాత చట్టం 2025 నవంబరు 21 నుండి సామాజిక భద్రత నియమావళిలో కలిసిపోయినది. విదేశంలో జరిగిన ప్రమాదాలను గూర్చిన ఏర్పాటు అందులోను ఉన్నది. నాలుగు నియమావళులను కార్మికోద్యమం వ్యతిరేకించినది, మేమును వ్యతిరేకించినాము. ఆ అభిప్రాయంలో మార్పు లేదు. అయినా అందులో మిగిలిన హక్కును వాడుకొనకపోతే నష్టపోయేది కార్మికుడే. ఒక్క జాగ్రత్త: మన దేశంలో జరిగిన ప్రమాదానికి మోటారు చట్టం క్రింద గాని, కార్మిక పరిహారం క్రింద గాని ఏదో ఒక దారినే ఎన్నుకొనవలెను, రెండును దొరకవు.

మన యువకునికి 15-బి దారి మూసుకొన్నది. అతనిని నియమించినది భారతీయ కంపెనీ కాదు. బీమా దారి మూసుకొన్న తీరు వింటే సభ్యులు నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియదు. కార్మికుల వలసకు ప్రభుత్వం పెట్టిన ప్రవాసీ భారతీయ బీమా యోజనలో ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి పది లక్షల రూపాయలు వచ్చును. ప్రీమియం రెండేండ్లకు 275, మూడేండ్లకు 375 రూపాయలు. అయితే అది తప్పనిసరి అయినది వలస అనుమతి అవసరమైన పాస్‌పోర్టు గలవారికే. పదవ తరగతి ప్యాసైనవానికి ఆ అనుమతి అవసరం లేదు. ఇతడు ప్యాసైనాడు. మూడు వందల రూపాయలు కూడా ఖర్చు లేని రక్షణ, పది తరగతులు చదివిన పాపానికి పోయినది. చదువుకొన్న కార్మికుని కాలు విరుగదని ప్రభుత్వం అనుకొన్నదేమో. ఈ తేడాను తొలగించవలెనని, గల్ఫ్‌కు పనికి పోయే ప్రతివానికి బీమా తప్పనిసరి చేయవలెనని విదేశాంగ మంత్రిత్వశాఖకు మేము వ్రాసినాము.

ప్రమాద వార్త వచ్చిన నాడు ఇంటివారు ఏడ్వడంతో పాటు చేయవలసిన పనులు ఉన్నవి. అక్కడి పోలీసు నివేదిక నకలు, ఆసుపత్రి డిశ్చార్జి కాగితాలు, ఎక్స్‌రేలు, గుద్దిన వాహనపు నెంబరు, బీమా కంపెనీ పేరు, వెంట ఉన్నవారి ఫోను నెంబర్లు. అతడు ఆ దేశంలో ఉండగానే ఇవి సేకరించుట సులభం. విమానం ఎక్కినాక ఒక్కొక్క కాగితానికి నెలలు పట్టును. గల్ఫ్ దేశాలలో ముందు ట్రాఫిక్ క్రిమినల్ కేసు నడచి, తప్పు ఎవరిదో తేలిన తీర్పు నకలు దావాకు ఆధారమగును. చదువరాని భాషలోని కాగితం మీద సంతకం చేయరాదు. చేయక తప్పని స్థితి వస్తే ఫోటో తీసుకొని ఉంచుకొనవలెను. రాయబార కార్యాలయంలో 2009 నుండి భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉన్నది. చికిత్సకు, న్యాయసహాయానికి అందులో నుండి అడగవచ్చును. 2015లో వచ్చిన మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేస్తే దానికొక నెంబరు వచ్చును. నెంబరు ఉన్న ఫిర్యాదుకు ఎవరో ఒకరు జవాబు చెప్పక తప్పదని తపాలా సోదరులకు మేము చెప్పనక్కరలేదు. ముక్తారునామా పంపేముందు అందులో సొమ్ము ఎవరి ఖాతాకు చేరునో చూడవలెను. న్యాయవాది ఖాతాకు అని వ్రాసి ఉంటే కొట్టివేసి, బాధితుని ఖాతాకు అని వ్రాయించవలెను.

2025 నవంబరు 17న మదీనా సమీపంలో ఉమ్రా యాత్రికుల బస్సు ట్యాంకరును గుద్దుకొని నలభైఅయిదుగురు మరణించినారు. అధికులు హైదరాబాదువారు. ప్రాణాలతో బయటపడినది ఒక్కడే. తెలంగాణ ప్రభుత్వం ఒక్కొక్క మృతుని కుటుంబానికి ఐదు లక్షలు ప్రకటించినది. ఆ సాయాన్ని మేము తక్కువ చేయము. అయితే సర్కారు దయతో ఇచ్చినది వేరు, బాధ్యుడు చట్టప్రకారం చెల్లించవలసినది వేరు. మొదటిది ముట్టగానే రెండవదానిని మరచిపోవుట మన కుటుంబాలలో అలవాటైనది. చెక్కు పంపిణీ ఫోటో పత్రికలో పడినాక ఆ ఇంటికి మళ్లీ పోయే నాయకుడు అరుదు. ఈ మాటలో మా వంటివారిని కూడా కలుపుకొనే అంటున్నాము.

మా లోపం ఒకటి ఒప్పుకొనవలసి ఉన్నది. ప్రమాద పరిహారం న్యాయవాదుల వ్యవహారమని, యూనియను పని కాదని ఇన్నాళ్లు అనుకొన్నాము. ఆ ఖాళీలోనికి మధ్యవర్తులు వచ్చినారు. ఆసుపత్రి వార్డులలో వారు మనకంటె ముందుగా చేరుచున్నారు. ఇక మీదట రాయపూర్, బిలాస్‌పూర్, విశాఖపట్నం, విజయవాడ, సికింద్రాబాద్ శాఖలలో ఒక్కొక్క కార్యకర్త ఈ విషయం నేర్చుకొని ఉండవలెనని కార్యవర్గం తీర్మానించినది. తపాలా శాఖల నుండి కూడా ఒక్కొక్కరిని అడుగుచున్నాము. విదేశీ ముద్ర గల కవరు ఏ ఇంటికి చేరుచున్నదో మొదట తెలిసేది వారికే. కవరు విప్పి చదువుమని కాదు మా మాట. చదివిపెట్టమని ఇంటివారు అడిగినప్పుడు, ఎవరి వద్దకు పోవలెనో చెప్పగలిగితే చాలును.

సిల్తారా యువకుని ముక్తారునామా తర్జుమా అయి, విదేశాంగ శాఖ ధ్రువీకరణకు ఢిల్లీ పోయినది. షార్జా పోలీసు నివేదిక నకలు అతనితో పనిచేసిన ఒక నేపాలీ డ్రైవరు తెచ్చి పంపినాడు. ఆ వ్యానులో గాయపడిన మరి ముగ్గురిలో అతడొకడు. ఇంతవరకు అతని తరపున ఎవరూ దావా వేయలేదు. అతని కాగితాలు కూడా ఈ కవరుతోనే పంపుచున్నాము. తండ్రి మాతో ఒక్క మాటే అడిగినాడు: రాయపూర్ ఆసుపత్రిలో తుంటికి నాలుగవ ఆపరేషను చేయవలెనన్నారు, అది ఇప్పుడు చేయించవచ్చునా, దావా తేలేవరకు ఆగవలెనా అని. ఆగవద్దు, బిల్లులన్నీ భద్రపరచండి అని చెప్పినాము. ఆపరేషనుకు కావలసిన మొత్తంలో రాయపూర్ శాఖ సభ్యులు కొంత పోగుచేసినారు. మిగిలినది పంపదలచినవారు శాఖా కోశాధికారికి మనియార్డరు చేయవచ్చును.